విషపు మోతాదులో ప్రాణాన్ని వెతికిన వైద్యుడు: ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి

కోల్‌కతాలోని సియాల్దా రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో నీల్ రతన్ సర్కార్ వైద్య కళాశాల ఉంది. నూరేళ్ల క్రితం దాని పేరు క్యాంప్‌బెల్ వైద్య పాఠశాల. పెద్ద డాక్టర్లు, పేరున్న ప్రొఫెసర్లు కోరుకున్న చోటు కాదది. కాలేజ్ స్ట్రీట్‌లోని కలకత్తా వైద్య కళాశాలకు ఉన్న వైభవం దానికి లేదు. చికిత్సకు వచ్చేవారిలో అత్యధికులు నిరుపేదలు. ఆ ఆసుపత్రిలో ఒక చిన్న గది. అందులో గ్యాస్ గొట్టం లేదు, నీటి కుళాయి లేదు, విద్యుద్దీపం లేదు. పొగచూరిన ఒక కిరోసిన్ లాంతరు మాత్రం ఉండేది. భారతీయ వైద్య చరిత్రలో అత్యంత విలువైన మందులలో ఒకటి 1920 ప్రాంతంలో ఆ గదిలోనే తయారైంది. దాని పేరు యూరియా స్టిబమైన్. తయారుచేసిన వైద్యుడు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి.

బ్రహ్మచారి 1873 డిసెంబరు 19న బీహార్‌లోని జమాల్‌పూర్‌లో జన్మించారు. తండ్రి నీలమణి బ్రహ్మచారి ఈస్ట్ ఇండియన్ రైల్వేలో వైద్యులు. తల్లి సౌరభ సుందరీదేవి. జమాల్‌పూర్ రైల్వే కార్ఖానాలకు పేరుపొందిన పట్టణం. ఉపేంద్రనాథ్ ప్రాథమిక విద్య అక్కడి రైల్వే పాఠశాలలోనే సాగింది. తరువాత హుగ్లీ కళాశాలలో చేరి 1893లో గణితం, రసాయనశాస్త్రం ప్రధానాంశాలుగా పట్టభద్రులయ్యారు. మరుసటి ఏడాది కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల నుంచి రసాయనశాస్త్రంలో ఎం.ఏ. పట్టా అందుకున్నారు.

గణితంలో అభిరుచి, రసాయనశాస్త్రంలో పట్టా ఉన్న ఈ యువకుడు ఆపై వైద్యం వైపు మళ్లారు. 1900లో వైద్య పట్టా పరీక్షలో మెడిసిన్, సర్జరీ రెండింటిలోనూ ప్రథముడిగా నిలిచి గుడీవ్, మెక్లియాడ్ పురస్కారాలు పొందారు. 1902లో ఎం.డి., 1904లో రక్తకణాల విచ్ఛిత్తిపై చేసిన పరిశోధనకు పీహెచ్‌డీ వచ్చాయి. వైద్యుడికి పీహెచ్‌డీ ఉండటం ఆనాడు చాలా అరుదు. అయితే పట్టాల జాబితా కన్నా ఆ మేళవింపునే మనం గమనించాలి. రోగి మంచం పక్కన కూర్చున్న వైద్యుడే తిరిగి వచ్చి గాజు పాత్రల ముందు రసాయనవేత్తగా నిలబడగలగడం ఆయన జీవితాన్ని నిర్ణయించింది.

రాష్ట్ర వైద్య సర్వీసులో చేరిన తరువాత కొంతకాలం ఢాకా వైద్య పాఠశాలలో బోధించారు. 1905లో క్యాంప్‌బెల్‌కు వచ్చారు. దాదాపు రెండు దశాబ్దాలు అక్కడే గడిపారు.

ఆ రోజుల్లో బెంగాల్, బీహార్, అసోం గ్రామాలను ఒక జ్వరం తుడిచిపెడుతోంది. వారాల తరబడి విడవని జ్వరం, ఉబ్బిపోయే ప్లీహం, ఎండిపోయే కాళ్లూ చేతులూ, నల్లబడే చర్మం దాని లక్షణాలు. చర్మపు ఆ నలుపును బట్టే కాలా అజార్ అన్న పేరు వచ్చింది. నల్ల రోగం అని దాని అర్థం. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో బర్ద్వాన్ జిల్లాలో ప్రబలిన జ్వరంలో దీని పాత్ర ఉందని తరువాతి కాలంలో భావించారు. అసోంలో గారో కొండల వైపు నుంచి మొదలై బ్రహ్మపుత్ర లోయ వెంబడి ఊరూరా పాకుతూ పోయింది. చికిత్స అందని రోగుల్లో నూటికి తొంభై మందికి పైగా మరణించేవారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి, సాగు భూములు బీడుపడ్డాయి. కారణమేమిటో తెలియక ఒక వైద్యుడు కొంకి పురుగులన్నాడు, మరొకరు మలేరియాకే ముదిరిన రూపమన్నారు.

అసలు కారణం 1903లో బయటపడింది. ఆ కథలో కలకత్తాతో పాటు మద్రాసుకూ భాగముంది. కలకత్తా శివార్లలోని డమ్‌డమ్ శిబిరంలో జ్వరం సోకిన ఒక సైనికుడు ఇంగ్లండు చేరి మరణించగా, అతని ప్లీహంలో కనిపించిన సూక్ష్మమైన కణాలను విలియం లీష్మన్ వర్ణించారు. అదే సంవత్సరం మద్రాసు జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డొనొవాన్ రోగుల ప్లీహంలో అవే కణాలను చూశారు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాల వారికి కూడా మద్రాసే రాజధాని. ఇద్దరి పేర్లనూ కలిపి రొనాల్డ్ రాస్ ఆ పరాన్నజీవికి లీష్మానియా డొనొవానీ అని నామకరణం చేశారు. శత్రువు ఎవరో తెలిసింది గానీ, దాన్ని చంపే ఆయుధం లేదు. పైగా అది దాక్కునే చోటు మరీ చిత్రమైనది. శరీరంలోకి చొరబడిన క్రిములను మింగి జీర్ణించుకోవలసిన రక్షక కణాలలోనే అది కాపురం పెడుతుంది.

ఇక్కడ కాసేపు రసాయనశాస్త్రంలోకి వెళ్లక తప్పదు. మూలకాల ఆవర్తన పట్టికలో 33వది ఆర్సెనిక్. దాని పక్కనే 34వది సెలీనియం. ఆర్సెనిక్‌కు సరిగ్గా కింద 51వది ఆంటిమొనీ. ఈ ఇరుగుపొరుగు మూలకాలకు ఒక ఉమ్మడి గుణం ఉంది. ఇవి పూర్తిగా లోహాలూ కావు, పూర్తిగా అలోహాలూ కావు. వీటితో వ్యవహారమంతా మోతాదు మీదే ఆధారపడుతుంది. 1817లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ కనుగొని, గ్రీకులో చంద్రుడి పేరు పెట్టిన సెలీనియాన్నే చూద్దాం. మన శరీరానికి అది రోజుకు సుమారు 50 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో ఇరవై వేల వంతు మాత్రమే కావాలి. అదీ దొరకని చైనాలోని కేషాన్ ప్రాంతంలో పిల్లలకు, యువతులకు గుండె జబ్బు వచ్చింది. మట్టిలో అది మితిమీరిన పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ గ్రామాలలో పశువుల గిట్టలు ఊడిపోయాయి, మనుషుల జుట్టు రాలింది. పెద్దలకు రోజుకు 400 మైక్రోగ్రాములు దాటరాదన్నది సాధారణంగా పాటించే హద్దు. అవసరానికీ హానికీ మధ్య అంత ఇరుకు దారి.

ఆంటిమొనీ దారి ఇంకా ఇరుకు. సెలీనియం లాగా దాని అవసరం మన శరీరానికి ఏమీ లేదు. కంటికి పెట్టుకునే సుర్మా రాయిగా సంప్రదాయంగా పేరుపడింది ఆంటిమొనీ ఖనిజమే. ఐరోపాలో శతాబ్దాల పాటు దాన్ని వాంతులు చేయించే మందుగా వాడారు. పొటాషియం ఆంటిమొనీ టార్ట్రేట్‌కు టార్టార్ ఎమెటిక్ అన్న పేరు అందువల్లే వచ్చింది. ఎమెటిక్ అంటే వమనకారి. 1910వ దశకంలో బ్రెజిల్‌లో గాస్పర్ వియన్నా ఈ లవణాన్ని చర్మానికి సోకే లీష్మానియా వ్యాధికి వాడి ఫలితం సాధించారు. 1915లో సిసిలీలో ఇటలీ వైద్యులు, కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ దాన్ని కాలా అజార్‌పై ప్రయోగించారు. కొందరు రోగులు బతికారు. తొలిసారిగా ఆశ పుట్టింది.

కానీ ఆ ఆశకు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. సిరలోకి ఎక్కించే ఆ మందుతో తీవ్రమైన దగ్గు, వాంతులు, కీళ్ల నొప్పులు వచ్చేవి. గుండె మీద దెబ్బ పడేది. చికిత్స నెలల తరబడి సాగేది. కూలి పనికి పోతేనే పూట గడిచే మనిషి వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి రావాలంటే ఎన్ని నెలలు రాగలడు? వాంతులకు భయపడి మధ్యలోనే మానుకున్నవారు ఇళ్లకు తిరిగిపోయి మరణించేవారు. క్యాంప్‌బెల్ వార్డులలో బ్రహ్మచారి ప్రతిరోజూ చూసింది వీరినే. వైద్యుడికి మందు గుణం తెలుసు, విషం గుణమూ తెలుసు. ఆ రెంటినీ విడదీయడమెలా అన్నది రసాయనవేత్త ప్రశ్న.

ఆయన మొదట అత్యంత సూక్ష్మమైన ఆంటిమొనీ లోహపు కణాలను రక్తంలోకి పంపి చూశారు. ఆ తర్కంలో ఒక చమత్కారం ఉంది. రక్తంలో తిరిగే కణాలను ప్లీహంలోని రక్షక కణాలు మింగుతాయి. పరాన్నజీవి దాక్కున్నది అక్కడే కదా, కాబట్టి మందు నేరుగా శత్రువు ఇంటికే చేరుతుంది. ఆలోచన బాగుంది గానీ, ఆ కణాలను ప్రతిసారీ ఒకే తీరుగా తయారుచేసి ఊరూరి ఆసుపత్రులకు పంపడం సాధ్యమయ్యే పని కాదు.

అప్పుడు ఆయన దృష్టి జర్మనీ వైపు మళ్లింది. అక్కడ పాల్ ఎర్లిక్ ఆర్సెనిక్‌ను కర్బన సమ్మేళనాలతో ముడివేసి, సిఫిలిస్‌కు సాల్వర్సాన్ అనే మందును 1910లో లోకానికి ఇచ్చారు. అంతకుముందే అటాక్సిల్ అనే ఆర్సెనిక్ సమ్మేళనం ఆఫ్రికాలోని నిద్రరోగానికి వాడుకలో ఉంది. ఆర్సెనిక్ చేయగలిగినది ఆవర్తన పట్టికలో దాని కిందనున్న ఆంటిమొనీ ఎందుకు చేయలేదన్నది బ్రహ్మచారికి తోచిన ప్రశ్న. అటాక్సిల్ నిర్మాణంలో ఆర్సెనిక్ ఉన్న చోట ఆంటిమొనీని ఉంచాలి. అంతేకాక, త్రిసంయోజక ఆంటిమొనీకి బదులు పంచసంయోజక రూపాన్ని వాడాలి. విషప్రభావం తగ్గే రహస్యమంతా ఆ రూపభేదంలోనే ఉంది. పంచసంయోజక ఆంటిమొనీ శరీరంలో మెల్లగా తిరిగి, పరాన్నజీవి ఉన్న కణాలకు చేరాక అక్కడ త్రిసంయోజకంగా మారి దాన్ని దెబ్బతీస్తుందని ఇప్పటి శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. 1920లో ఈ వివరమంతా ఎవరికీ తెలియదు. బ్రహ్మచారిని నడిపించింది సాదృశ్యం, ఓపిక, వార్డులో పడివున్న రోగుల ముఖాలు.

1919 చివరలో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ ఆయనకు కొంత ధనసహాయం మంజూరు చేసింది. నేటి భారత వైద్య పరిశోధన మండలికి మాతృసంస్థ అదే. ఆ సాయంతో ఆయన ఒకదాని తరువాత ఒకటిగా సమ్మేళనాలు తయారుచేస్తూ పోయారు. చివరకు స్టిబానిలిక్ ఆమ్లాన్ని యూరియాతో కలిపారు. యూరియానే ఎందుకు ఎంచుకున్నారన్నది ఆసక్తికరం. క్వినైన్‌కు యూరియా జతచేస్తే సూదిమందు నొప్పి తగ్గుతుందని అప్పటికే వైద్యులకు తెలుసు. రోగికి నొప్పి తగ్గాలన్న చిన్న శ్రద్ధ ఈ పెద్ద ఆవిష్కరణలో కలిసిపోయింది. పగలంతా వార్డులో పనిచేసి, రాత్రి పది గంటల వేళ లాంతరు వెలుగులో ఫలితాలు తాను ఆశించినట్టే ఉన్నాయని గ్రహించిన క్షణాన్ని ఆయన జీవితాంతం గుర్తుపెట్టుకున్నారు. ఆ గది తనకు తీర్థస్థలంతో సమానమని తరువాత రోజుల్లో చెప్పుకున్నారు.

1922లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఎనిమిది మంది రోగుల వివరాలతో ఆయన వ్యాసం వెలువడింది. సంఖ్య చిన్నదే. కానీ ఫలితం స్పష్టం. నెలలు పట్టే చికిత్స కొన్ని వారాలకు తగ్గింది. టార్టార్ ఎమెటిక్ కలిగించే వాంతులు, దగ్గు చాలావరకు లేవు. షిల్లాంగ్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ షార్ట్ ఈ మందును పరీక్షించి మెచ్చుకున్నారు. అసోం ప్రభుత్వం ఊరూరా చికిత్స కేంద్రాలు తెరిచి దాన్ని విస్తారంగా వాడింది. దశాబ్దం తిరిగేసరికి ఆ ఒక్క రాష్ట్రంలోనే మూడు లక్షలకు పైగా ప్రాణాలు నిలిచాయని ప్రభుత్వ వర్గాలు లెక్కగట్టాయి. ఆ లెక్కలో కొంత అంచనా ఉండవచ్చు. నూటికి తొంభై మంది చనిపోయే వ్యాధిలో నూటికి తొంభై మంది బతకడం మొదలైందన్న మాటలో మాత్రం అతిశయోక్తి లేదు.

అదే 1922లో ఆయన మరొకటి గమనించారు. జ్వరం నయమై ఇంటికి వెళ్లిన కొందరు రోగులు కొంతకాలానికి చర్మంపై తెల్లమచ్చలతో, బుడిపెలతో తిరిగి వచ్చారు. కుష్ఠు అని ఎవరైనా పొరబడేంతగా ఉన్నాయవి. ఆ బుడిపెల నుంచి తీసిన ద్రవంలో అదే పరాన్నజీవి కనిపించింది. రోగం పోయిందనుకున్న శరీరంలో అది చర్మం కింద దాక్కుని ఉందన్నమాట. ఈ స్థితిని ప్రత్యేకంగా గుర్తించి వర్ణించిన ఘనత ఆయనదే. యూరియా స్టిబమైన్ కీర్తి నీడలో ఇది మరుగున పడిపోయింది గానీ, నా దృష్టిలో వైద్యుడిగా ఆయన సునిశిత పరిశీలనకు ఇదే గొప్ప నిదర్శనం. నయమైన రోగిని మళ్లీ పరీక్షించే తీరిక, ఓర్పు ఎంతమంది వైద్యులకు ఉంటాయి?

వివాదాలూ లేకపోలేదు. యూరియా స్టిబమైన్ నిర్మాణం కచ్చితంగా ఏమిటన్న విషయంపై రసాయనవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అది ఒకే సమ్మేళనం కాదని, కొన్నింటి మిశ్రమమని విశ్లేషణలు తేల్చాయి. ఇదే అదనుగా జర్మనీ సంస్థలు తయారుచేసిన ఆంటిమొనీ మందులు రంగంలోకి వచ్చాయి. వాటిని కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో పరీక్షించారు. రోజర్స్ చొరవతో నెలకొన్న ఆ సంస్థలో అన్ని హంగులూ ఉన్నాయి. సియాల్దాలోని చీకటి గదికి అవేవీ లేవు. స్వచ్ఛత విషయంలో విమర్శకుల మాటలో నిజం ఉంది. అయితే మిశ్రమమైనా, స్ఫటికమైనా, అసోం గ్రామాలలో మనుషులు లేచి నడిచారు.

1923లో బ్రహ్మచారి కలకత్తా వైద్య కళాశాలకు మారి, 1927లో ప్రభుత్వ ఉద్యోగం నుంచి విరమించారు. కార్మైకేల్ వైద్య కళాశాలలో ఉష్ణమండల వ్యాధుల ఆచార్యులుగా పనిచేశారు. నేడు అది ఆర్‌.జి. కర్ వైద్య కళాశాల. కార్న్‌వాలిస్ వీధిలో బ్రహ్మచారి పరిశోధన సంస్థను నెలకొల్పి మందు తయారీనీ, పరిశోధననూ కొనసాగించారు. 1928లో కాలా అజార్‌పై ఆయన సమగ్ర గ్రంథం వెలువడింది. ఆసియాటిక్ సొసైటీ అధ్యక్ష పదవి, 1934లో సర్ బిరుదు, 1936లో ఇండోర్‌లో జరిగిన భారత విజ్ఞాన మహాసభల అధ్యక్షత ఆయనను వరించాయి. బెంగాల్‌లో రెడ్‌క్రాస్ కార్యకలాపాలకు, రక్తదాన సేవలకు కూడా చేయూతనిచ్చారు.

రాని గౌరవాల సంగతీ చెప్పుకోవాలి. 1929లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతికి ఆయన పేరు ప్రతిపాదనకు వచ్చింది. ఆ సంవత్సరం బహుమతి ఐక్‌మన్, హాప్కిన్స్‌లకు దక్కింది. శరీరానికి అత్యల్ప పరిమాణంలో కావలసిన విటమిన్ల గురించి వారు చేసిన పరిశోధనకు అది ప్రతిఫలం. దాన్ని తప్పుపట్టలేం. 1942లో ఆయన పేరును పలువురు మళ్లీ ప్రతిపాదించారు. యుద్ధం కారణంగా ఆ ఏడాది వైద్య బహుమతే ఇవ్వలేదు. లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వానికి చేసిన ప్రతిపాదన కూడా నెగ్గలేదు. బోదకాలుకు మందునిచ్చిన మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు కథ తెలిసిన తెలుగువారికి ఇది కొత్తగా అనిపించదు. 1946 ఫిబ్రవరి 6న బ్రహ్మచారి కన్నుమూశారు. నగరంలోని లౌడన్ స్ట్రీట్‌కు తరువాతి కాలంలో ఆయన పేరు పెట్టారు.

ఆ వ్యాధిని మోసుకు తిరిగేది ఇసుక ఈగ అని నిశ్చయంగా రుజువైంది 1942లోనే. మలేరియా నిర్మూలన కోసం 1950వ దశకంలో చల్లిన డీడీటీతో ఆ ఈగలు కూడా చచ్చి కాలా అజార్ దాదాపు అదృశ్యమైంది. చల్లడం ఆపాక 1970వ దశకంలో బీహార్‌లో మళ్లీ విజృంభించింది. అప్పటికి యూరియా స్టిబమైన్ స్థానాన్ని దాని సంతతికే చెందిన సోడియం స్టిబోగ్లూకోనేట్ ఆక్రమించింది. కొంతకాలానికి బీహార్‌లో అదీ పనిచేయడం మానేసింది. సగానికి పైగా రోగులకు నయం కాని పరిస్థితి వచ్చింది.

ఎందుకలా జరిగింది? అరకొర మోతాదులు, మధ్యలో మానేసిన చికిత్సలు ఒక కారణం. మరో అనుమానం మనల్ని మళ్లీ ఆవర్తన పట్టిక దగ్గరికే తీసుకువస్తుంది. గంగా మైదానంలో బోరుబావుల నీటిలో ఆర్సెనిక్ ఉందని 1980వ దశకంలో తెలిసింది. పశ్చిమ బెంగాల్‌లో తొలి రోగులను గుర్తించింది కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కు చెందిన చర్మవైద్యులు కె.సి. సాహా. లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములకు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీటిని జనం ఏళ్ల తరబడి తాగారు. ఆర్సెనిక్ నీరు తాగిన ఎలుకల శరీరంలోని పరాన్నజీవులు ఆంటిమొనీకి లొంగకుండా పోయాయని 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. పట్టికలో ఒకే నిలువు వరుసలో ఉన్న రెండు మూలకాలను ఆ క్రిమి ఒకే ఉపాయంతో తప్పించుకుందన్నమాట. ఏ సాదృశ్యాన్ని పట్టుకుని బ్రహ్మచారి మందును కనుగొన్నారో, అదే సాదృశ్యం ఆ మందుల వంశానికి శత్రువైందేమోనన్నది ఈ అధ్యయనం లేవనెత్తిన సందేహం. మనుషుల విషయంలో ఇది పూర్తిగా నిర్ధారణ కాలేదు.

ఈనాడు చికిత్స మారింది. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ మందును ఒకే మోతాదుగా సిరలోకి ఎక్కించి రోగిని ఇంటికి పంపుతున్నారు. 2023 నాటికి దేశంలోని ప్రభావిత బ్లాకులన్నింటిలో పదివేల మందికి ఒకటి కన్నా తక్కువ కేసులన్న లక్ష్యాన్ని చేరుకున్నట్టు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అయినా బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ గ్రామాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు. వారు వెతుకుతున్నది జ్వరం ఉన్నవారిని మాత్రమే కాదు. ఎప్పుడో కాలా అజార్ నయమై, ఇప్పుడు చర్మంపై మచ్చలతో ఏ బాధా లేకుండా తిరుగుతున్నవారిని కూడా. వారిని కుట్టిన ఇసుక ఈగ ఆ పరాన్నజీవిని మరొకరికి చేర్చగలదు. 1922లో క్యాంప్‌బెల్ ఆసుపత్రికి తిరిగి వచ్చిన రోగులలో బ్రహ్మచారి గుర్తించిన మచ్చలే అవి.